కోడిపిల్లల దాణాలో జంతు మాంసకృత్తులు: ముడి ప్రోటీన్ శాతం చెప్పని సంగతులు

అనంతపురం జిల్లా పల్లెల్లో కొత్తగా పొదిగిన కోడిపిల్లలకు చెదపురుగులు పట్టి వేసే అలవాటు ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. పాత కుండలో ఎండుపేడ, గడ్డి, చిరిగిన గోనెపట్ట కుక్కి, కాసిని నీళ్లు చిలకరించి చెదలున్న చోట సాయంత్రం బోర్లిస్తే, తెల్లవారేసరికి అది చెదలతో నిండి ఉంటుంది. తల్లికోడి ముందు దాన్ని దులిపితే పిల్లలు ఒక్క పురుగునూ వదలవు. నూకలూ సద్దలూ మాత్రమే తినే పిల్లల కంటే ఇలా పురుగులు దొరికిన పిల్లలు చురుకుగా ఉంటాయనీ, వాటికి ఈకలు త్వరగా వస్తాయనీ ఆడవాళ్లు అనుభవం మీద చెబుతారు. పదిపదిహేను పిల్లల వరకు ఈ ఏర్పాటు సరిపోతుంది. షెడ్డులో ఐదువందల పిల్లలు వేసుకున్న రైతుకు మాత్రం అదే అవసరం వేరే రూపంలో ఎదురవుతుంది. చేపపొడి కలపాలా, మాంసం-ఎముకల పొడి కలపవచ్చా, హిందూపురం వైపు దొరికే పట్టుపురుగుల ప్యూపా (పట్టుగూటి లోపల ఉండే పురుగు) పనికొస్తుందా, లేక ఇవేవీ లేకుండా నూనె తీయగా మిగిలే సోయా చెక్కతోనే సరిపెట్టుకోవచ్చా అన్న ప్రశ్నలకు దాణా సంచి మీద అచ్చువేసిన ‘ముడి ప్రోటీన్ 22 శాతం’ అన్న మాట సమాధానం చెప్పదు. చెప్పకపోగా చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

ముడి ప్రోటీన్ అంటే ప్రయోగశాలలో కొలిచిన నత్రజనిని 6.25తో గుణిస్తే వచ్చే అంకె మాత్రమే. ఆ నత్రజని ఎక్కడి నుంచి వచ్చిందో, పిల్ల పొట్టలో అది అరుగుతుందో లేదో ఆ అంకెకు తెలియదు. కోడిపిల్లకు నిజంగా కావలసినవి ప్రోటీన్ విడిపోగా వచ్చే అమైనో ఆమ్లాలు. వాటిలో కొన్నింటిని అది తన శరీరంలో తయారుచేసుకోలేదు కనుక అవి మేతలోనే రావాలి. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా మిగిలినవి ఎంత ఉన్నా ఎదుగుదల అక్కడికే ఆగుతుంది. ధర్మవరం మగ్గం మీద పడుగు ఎంత పొడవున్నా పేక దారం అయిపోతే చీర అక్కడే నిలిచిపోయినట్టు. పైగా వాడుకోలేక మిగిలిపోయిన అమైనో ఆమ్లాలను పిల్ల యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టలో వదిలేస్తుంది, అది షెడ్డు నేల మీద పరిచే పొట్టులో, అంటే లిట్టర్‌లో అమోనియాగా మారి షెడ్డులో కళ్లు మండేలా చేస్తుంది. అంటే కొన్న ప్రోటీన్‌లో కొంత భాగం రోగానికి పెట్టుబడి అవుతుంది.

మన జిల్లాకు దగ్గరి ఉదాహరణ వేరుశనగ చెక్క. ఇక్కడ పండే పంట, ఇక్కడి మిల్లుల్లో దొరికే చెక్క, ప్రోటీన్ నూటికి 40 నుంచి 45 వంతులు. వంద కిలోల మేతలో 60 కిలోలు మొక్కజొన్న, 40 కిలోలు వేరుశనగ చెక్క కలిపారనుకుందాం. ఖనిజాలు, విటమిన్ల లెక్క పక్కన పెడితే ముడి ప్రోటీన్ దాదాపు 22 శాతం వస్తుంది, సంచి మీద అచ్చువేసుకోవడానికి అది చాలు. మొదటి మూడు వారాల బ్రాయిలర్ పిల్లకు మేతలో లైసిన్ అనే అమైనో ఆమ్లం దాదాపు 1.1 శాతం, మెథియోనిన్ అనే మరొకటి 0.5 శాతం కావాలి. పై మిశ్రమంలో లైసిన్ 0.75 శాతం, మెథియోనిన్ 0.3 శాతం దగ్గరే ఆగిపోతాయి. చెక్కలో 12 కిలోలు తీసేసి, 8 కిలోలు మంచి చేపపొడి, మిగతా 4 కిలోలకు మొక్కజొన్న పెంచితే ముడి ప్రోటీన్ అంకె అలాగే 22 దగ్గర ఉంటుంది, కానీ లైసిన్ 0.95 వరకు, మెథియోనిన్ 0.38 వరకు ఎక్కుతాయి. అంకె మారకుండా మేత విలువ మారిపోయింది. చేపపొడికి పల్లెల్లో ఉన్న పేరు వెనక ఉన్న లెక్క ఇదే.

వేరుశనగ చెక్కతో ఇంకో చిక్కు కూడా ఉంది. కాయ ఊరే దశలో వానలు మొహం చాటేస్తే, అనంతపురంలో అది తరచూ జరిగేదే కదా, భూమిలో ఉండగానే కాయకు ఆస్పర్జిల్లస్ బూజు సోకి అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కే కారణమని తేలింది, అఫ్లటాక్సిన్‌ను గుర్తించింది ఆ దర్యాప్తులోనే. పెద్ద కోళ్లు కొంత తట్టుకున్నా చిన్న పిల్లల కాలేయం తట్టుకోలేదు. కాబట్టి పిల్లల మేతలో ఈ చెక్క వాటాను తగ్గించడానికి అమైనో ఆమ్లాల కొరత ఒక కారణమైతే, ఈ విషం ఇంకా పెద్ద కారణం.

జంతు పదార్థం లేనిదే పిల్ల పెరగదన్న నమ్మకం

ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో పశుపోషణ శాస్త్రవేత్తలు కూడా ఇదే నమ్మారు. కేవలం గింజలు, చెక్కలు పెట్టిన కోడిపిల్లలు సరిగా పెరగకపోవడం, కొంచెం చేపపొడి గానీ మాంసం పొడి గానీ కలపగానే కోలుకోవడం చూసి, జంతు పదార్థాల్లో ఏదో తెలియని పోషకం ఉందనుకుని దానికి ‘జంతు ప్రోటీన్ కారకం’ అని పేరు పెట్టారు. 1948లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ బీ12 విటమిన్‌ను వేరుచేశాక ఆ కారకంలో ప్రధానమైనది ఇదేనని తేలింది. మొక్కలు బీ12ను తయారుచేయవు, సూక్ష్మజీవులు చేస్తాయి, అది జంతువుల కణజాలంలో నిలవ ఉంటుంది. చెదపురుగుల కోసం పాకులాడిన పల్లె కోడిపిల్ల ఏం వెతుక్కుంటోందో అప్పటికి గానీ పూర్తిగా అర్థం కాలేదు.

ఈ కథలో ఒక మలుపు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా సంచాలకుడిగా పనిచేసిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లోనే జరిగింది. 1948 ఆగస్టులో ఆయన మరణించారు. అక్కడే పనిచేసిన థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ చవకగా బీ12 దొరుకుతుందేమోనని, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిపోయిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూశారు. పిల్లలు బీ12 వల్ల పెరగాల్సిన దానికంటే ఎక్కువ పెరిగాయి, కారణం ఆ పిప్పిలో మిగిలి ఉన్న యాంటీబయాటిక్. మేతలో యాంటీబయాటిక్‌లు కలపడమనే అలవాటు ప్రపంచమంతా వ్యాపించడానికి దారి పడింది ఇలా. ఐరోపా సమాఖ్య 2006లో ఎదుగుదల కోసం అలా కలపడాన్ని పూర్తిగా నిషేధించింది, మన దేశం 2019లో అలాంటి యాంటీబయాటిక్ అయిన కొలిస్టిన్‌ను నిషేధించింది. జంతు ప్రోటీన్‌కు బదులు వెతకబోయి తెచ్చుకున్న తలనొప్పి అది.

ఇప్పుడు బీ12 విటమిన్లు, ఖనిజాలు కలిపిన ప్రీమిక్స్‌లో చిటికెడు రూపంలో దొరుకుతుంది. మెథియోనిన్, లైసిన్, త్రియోనిన్ పొడులుగా దొరుకుతాయి. మొక్కజొన్న 60, సోయా చెక్క 40 పాళ్లలో కలిపితే లైసిన్ దాదాపు 1.3 శాతం వచ్చి అవసరాన్ని మించుతుంది, మెథియోనిన్ మాత్రం 0.36 దగ్గర ఆగుతుంది. టన్నుకు కిలోన్నర లోపు మెథియోనిన్ పొడి కలిపితే ఆ లోటు తీరిపోతుంది. ఎముకల పొడిలో దొరికే భాస్వరం డీసీపీలో (డైకాల్షియం ఫాస్ఫేట్ పొడిలో) దొరుకుతుంది, సోయాలో ఫైటేట్ రూపంలో చిక్కుకున్న భాస్వరాన్ని విడిపించడానికి ఫైటేజ్ ఎంజైము ఉంది. కాబట్టి జంతు పదార్థం లేకుండా కోడిపిల్లలను పెంచలేమన్న మాట ఈనాడు నిజం కాదు, మన దేశంలో బ్రాయిలర్లు ఎక్కువగా పెరుగుతున్నది మొక్కజొన్న, సోయాల మీదే. అయితే జంతు ప్రోటీన్ అనవసరమనడం కూడా తొందరపాటే. అనవసరం కాని సందర్భం ఒకటుంది, అది పిల్ల వయసుకు సంబంధించినది.

మొదటి వారం పొట్ట

గుడ్డు నుంచి బయటికి వచ్చిన బ్రాయిలర్ పిల్ల బరువు దాదాపు 40 గ్రాములు. వారం తిరిగేసరికి అది నాలుగు రెట్లకు పైగా పెరగాలి. పొట్టలో మిగిలిన పచ్చసొన మూడు నాలుగు రోజుల్లో కరిగిపోతుంది, ఆపైన అంతా మేత మీదే ఆధారం. కానీ ఆ వయసులో ప్రోటీన్‌ను, కొవ్వును అరిగించే ఎంజైములు ఇంకా పూర్తి స్థాయిలో ఊరవు, పేగు లోపలి పొర అప్పుడప్పుడే విస్తరిస్తూ ఉంటుంది. సరిగ్గా ఈ దశలో సోయా చెక్కను ఎక్కువగా పెట్టాల్సి రావడమే ఇబ్బంది. సోయాలో ఉండే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను కోడి అరిగించుకోలేదు, అవి పేగులో నీటిని పట్టి ఉంచి రెట్టను జిగురుగా చేస్తాయి. చెక్కను సరిగా వేడి చేయకపోతే ప్రోటీన్ అరుగుదలను అడ్డుకునే ట్రిప్సిన్ నిరోధకాలు మిగిలిపోతాయి. పిల్ల వెనక భాగంలో రెట్ట అంటుకుని ఎండిపోయి కనిపిస్తే చాలామంది జబ్బనుకుని మందు పోస్తారు, ఒక్కోసారి కారణం మేతలోనే ఉంటుంది.

మంచి చేపపొడిలో ఈ చక్కెరలూ లేవు, నిరోధకాలూ లేవు. మొదటి పది రోజుల మేతలో మూడు నుంచి ఐదు శాతం చేపపొడి వాడి ఆ మేరకు సోయాను తగ్గించడం వల్ల కలిగే లాభం అదే. చేపపొడి ఎక్కువ పెడితే మాంసానికి నీచు వాసన వస్తుందన్న భయం ఈ వయసులో అక్కర్లేదు, అమ్మకానికి వెళ్లే ముందు వారాల్లో ఆపేస్తే సరిపోతుంది. అయితే ఎక్కువైతే ఎక్కువ మంచిదన్న ఆలోచన మాత్రం వద్దు. అరగని ప్రోటీన్ పేగు చివరికి చేరితే క్లాస్ట్రిడియం బ్యాక్టీరియాకు విందు అవుతుంది. ప్రయోగాల్లో కోళ్లకు పేగుపూత రోగం కావాలని తెప్పించడానికి పరిశోధకులు మేతలో చేపపొడిని బాగా పెంచడం ఒక పద్ధతిగా వాడతారంటే ఆ ముప్పు ఎంతటిదో ఊహించవచ్చు.

చేపపొడి పేరుతో వచ్చేది

సముద్రానికి దూరంగా ఉన్న అనంతపురానికి చేపపొడి ఎలాగూ బయటి నుంచే రావాలి. ఇక్కడే అసలు సమస్య. ఆవిరిపై ఉడికించి, నూనె పిండి, ఆరబెట్టిన సరుకులో ప్రోటీన్ 60 శాతం దాటుతుంది. ఇసుక మీద ఎండబెట్టి, ఉప్పు చల్లి, తలలూ తోకలూ కలిపి దంచిన సరుకులో అది 40 నుంచి 50 మధ్యే ఉంటుంది, అందులోనూ ఇసుక ఎంత, ఉప్పు ఎంత అన్నది ఏ సంచికి ఆ సంచే తేల్చాలి. పిడికెడు పొడిని గాజుగ్లాసులోని నీటిలో వేసి బాగా కలిపి రెండు నిమిషాలు వదిలేస్తే ఇసుక, గవ్వ ముక్కలు అడుగున పొరలా కూర్చుంటాయి, తేలిన పొలుసులు, నార వేరుగా కనిపిస్తాయి. ఆ పొర వేలెడు మందం ఉంటే కొన్నది సముద్రతీరపు మట్టి. ఉప్పు విషయం ఇంకా గట్టిది. పిల్లల మొత్తం మేతలో ఉప్పు 0.3 నుంచి 0.4 శాతం చాలు. 15 శాతం ఉప్పున్న చేపపొడిని 8 శాతం కలిపితే దాని ద్వారానే 1.2 శాతం ఉప్పు చేరుతుంది, విడిగా వేసే ఉప్పు దీనికి అదనం. పిల్లలు నీళ్ల తొట్టి వదలవు, లిట్టర్ ముద్దవుతుంది, ముద్దయిన లిట్టర్‌లో కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బు తిష్ఠ వేస్తుంది.

యూరియా కల్తీ దీనికంటే కనిపించని మోసం. యూరియాలో నత్రజని 46 శాతం, 6.25తో గుణిస్తే ‘ముడి ప్రోటీన్’ 287 శాతం అవుతుంది. వంద కిలోల నాసిరకం పొడిలో రెండు కిలోల యూరియా కలిపితే పరీక్షలో ప్రోటీన్ దాదాపు ఐదు శాతం పెరిగినట్టు కనిపిస్తుంది. నెమరువేసే పశువు కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను వాడుకోగలవు, కోడిపిల్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే ముడి ప్రోటీన్ ఒక్కటే పరీక్ష చేయించి సంతోషపడడం కంటే, ఆమ్లంలో కరగని బూడిద (ఇసుక ఎంతో చెప్పేది), ఉప్పు, యూరియా, పెప్సిన్ అరుగుదల (ప్రోటీన్ ఎంత అరుగుతుందో చెప్పేది) అడిగి చేయించుకోవడం మేలు. ఇంకో సంగతి: అతిగా కాలిన చేపపొడిలో హిస్టిడిన్, లైసిన్ కలిసి గిజ్జెరోసిన్ అనే పదార్థం ఏర్పడుతుంది. అది కందనకాయ లోపలి పొరను పుండ్లు పడేలా చేస్తుంది, చచ్చిన పిల్లను కోసి చూస్తే లోపల నల్లటి ద్రవం ఉంటుంది. మాడిన వాసన వచ్చే, నల్లబడిన పొడిని ఎంత చవకగా ఇచ్చినా పిల్లలకు వాడకూడదు.

మాంసం-ఎముకల పొడి: కోడి కంటే గేదెకు ముప్పు

కబేళాల్లో మిగిలే కొవ్వు, ఎముకలు, పేగులను వేడిచేసి తీసే ఈ పొడిలో ప్రోటీన్ 50 శాతం దాకా ఉంటుంది. కానీ అందులో ఎక్కువ భాగం ఎముకలు, స్నాయువుల (కండరాలను ఎముకలకు కలిపే నారల) నుంచి వచ్చిన కొలాజెన్. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అసలు ఉండదు, మెథియోనిన్ కొద్దిగానే ఉంటుంది. ఎముక ఎంత ఎక్కువైతే ప్రోటీన్ విలువ అంత తక్కువ. దీనికి ఉన్న అసలు బలం ఖనిజాలే: కాల్షియం పది శాతం, భాస్వరం ఐదు శాతం ప్రాంతంలో ఉంటాయి, ఆ భాస్వరం పిల్లకు బాగా అందుతుంది. ఐదు శాతం కలిపితే మేతకు కావలసిన కాల్షియం, భాస్వరాల్లో దాదాపు సగం దాని నుంచే వస్తాయి. ఈ లెక్క చూసుకోకుండా పాత పాళ్లలోనే డీసీపీ, సున్నపురాయి పొడి కలిపేవారి పిల్లల్లో కాళ్లు వంకరపోవడం, మూత్రపిండాలు దెబ్బతినడం చూస్తాం.

దీని మీద ప్రపంచానికి భయం పట్టింది మాత్రం పోషక విలువ వల్ల కాదు. 1986లో బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధి బయటపడింది. జబ్బు పశువుల మాంసం-ఎముకల పొడిని తిరిగి పశువులకే పెట్టడం వల్ల అది వ్యాపించిందని తేలి, 1988లో నెమరువేసే పశువులకు ఆ పొడి పెట్టడాన్ని అక్కడ నిషేధించారు. 1996లో అది మనుషులకూ సోకగలదన్న ప్రకటన వెలువడింది. 2001 నుంచి ఐరోపా సమాఖ్య ఆహారం కోసం పెంచే జంతువులన్నింటికీ దాదాపుగా జంతు ప్రోటీన్లను ఆపేసింది. అమెరికా 1997లో నెమరువేసే పశువుల వరకే నిషేధించి, కోళ్లకూ పందులకూ అనుమతించింది. అమెరికా కోళ్లను ఆ నిషేధంలోంచి మినహాయించడానికి ఆధారం, వ్యాధికారకమైన ప్రియాన్ అనే వికృత ప్రోటీన్ కోళ్లలో జబ్బు కలిగించిన దాఖలా లేకపోవడం. ఇరవై ఏళ్ల తర్వాత, 2021లో ఐరోపా కూడా మెత్తబడింది: పంది ప్రోటీన్‌ను కోళ్లకు, కోడి ప్రోటీన్‌ను పందులకు, పురుగుల ప్రోటీన్‌ను రెండింటికీ అనుమతించింది. ఏ జాతి అవశేషాలను ఆ జాతికే పెట్టరాదన్న నియమాన్ని మాత్రం సడలించలేదు.

మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల నియమం ప్రకారం కోళ్లు, పందులు, చేపలు తప్ప మిగిలిన పాలిచ్చే, మాంసమిచ్చే పశువులకు పశువుల, పందుల మాంసం, ఎముకల పొడి, రక్తపు పొడి ఉన్న దాణా పెట్టకూడదు. షెడ్డు పక్కనే గేదెలున్న ఇళ్లకు ఈ నియమం చాలా దగ్గరిది. కోళ్ల తొట్టిలో మిగిలిన మేతను గేదె కుడితిలో కలపడం, కోళ్ల లిట్టర్‌ను పశువుల మేతలో వాడడం చూడడానికి పొదుపులా ఉంటాయి. కోడి మేతలో జంతువుల పొడి ఉంటే ఆ పొదుపు నియమాన్ని ఇంటి ఆవరణలోనే దాటేయడమవుతుంది.

రక్తం, ఈకలు, కోడి వ్యర్థాలు

రక్తపు పొడిలో ప్రోటీన్ 80 శాతం పైనే, లైసిన్ పుష్కలం. కానీ ఐసోల్యూసిన్ దాదాపు లేనట్టే, ల్యూసిన్ అతిగా ఉండి ఆ కొరతను మరింత పెంచుతుంది. పాత పద్ధతిలో పెనాల మీద మాడ్చి ఆరబెట్టిన పొడిలో ఉన్న లైసిన్ కూడా అరగదు. ఒకటి రెండు శాతానికి మించితే పిల్లలు మేత తినడమే తగ్గిస్తాయి. ఈకల పొడిది ఇంకో తరహా మోసం: ప్రోటీన్ 80 శాతానికి పైనే, కానీ అది కెరటిన్. ఆవిరి ఒత్తిడిలో ఉడికించి గంధకపు బంధాలను తెంపితే గానీ కోడికి అరగదు, ఉడికించిన తర్వాత కూడా లైసిన్, మెథియోనిన్, హిస్టిడిన్ తక్కువే. ఎదిగిన కోళ్ల మేతలో రెండు మూడు శాతం వాడవచ్చు, పిల్లల మేతలో దాని ఊసే వద్దు.

చికెన్ దుకాణాల పేగులు, తలకాయలు ఉడికించి పెరటికోళ్లకు వేయడం అనంతపురం, హిందూపురం లాంటి ఊళ్ల చుట్టూ కనిపిస్తుంది. కర్మాగారంలో ఐరోపా ప్రమాణాల్లోని ఒక పద్ధతి ప్రకారం ఇలాంటి వ్యర్థాలను 133 డిగ్రీల వేడిలో, మూడు బార్ ఒత్తిడిలో, 20 నిమిషాలు ఉడికిస్తారు. కట్టెల పొయ్యి మీద డేగిసాలో అది సాధ్యం కాదు. సాధ్యమైనా, పచ్చి వ్యర్థాలు పట్టిన చేతులతో, గంపలతో ఉడికిన సరుకును ముట్టుకున్న మరుక్షణం సాల్మొనెల్లా బ్యాక్టీరియా తిరిగి చేరుతుంది. కోడి జబ్బులను కోడికే తిరిగి అందించే ఈ దారిని మూసేయడమే మంచిది.

హిందూపురం గూళ్లలో ఉన్నది

ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటలు, పట్టుగూళ్ల మార్కెట్, దారం తీసే రీలింగ్ యూనిట్లు ఉన్నాయి. పచ్చి గూటి బరువులో ఐదింట నాలుగు వంతులు లోపలి పురుగుదే, ఆ పురుగులో నూటికి 75 వంతులు నీరే. అంటే వంద కిలోల గూళ్లకు ఇరవై కిలోల దాకా ఎండు ప్యూపా మిగులుతుంది. ఎండబెట్టిన ప్యూపాలో ప్రోటీన్ 50 నుంచి 55 శాతం, నూనె 25 నుంచి 30 శాతం. నూనె తీసేస్తే ప్రోటీన్ 65 శాతం దాటుతుంది, లైసిన్, మెథియోనిన్ రెండూ చేపపొడికి సాటివచ్చే స్థాయిలో ఉంటాయి. వేరుశనగ చెక్క ఏవి లోటు పెడుతుందో ఇది వాటినే పూడుస్తుంది. ఒకే ప్రాంతంలో పక్కపక్కన ఉన్న ఈ రెండు సరుకుల పొత్తు గురించి ఇంకా గట్టిగా ఆలోచించకపోవడం నాకు వింతగా అనిపిస్తుంది. ఐరోపాలో పట్టుపురుగును మేతకు అనుమతించిన పురుగుల జాబితాలో 2021లో చేర్చారు కూడా.

అడ్డంకులు లేకపోలేదు. వేడినీటి తొట్టి నుంచి తీసిన ప్యూపాను ఆ రోజే పలచగా పరిచి ఎండేయకపోతే మర్నాటికే కుళ్లు కంపు మొదలవుతుంది. ఎండినా నూనె తీయకపోతే కొన్ని వారాల్లో మక్కిపోతుంది. మక్కిన నూనె మేతలోని ఇ విటమిన్‌ను తినేస్తుంది, ఆ కొరతతో పిల్లలు మెడ వాల్చి, కాళ్లు చాపి పడిపోవడం పాతకాలం నుంచి తెలిసిన రోగమే. పురుగు పై పొరలోని కైటిన్‌లో కూడా నత్రజని ఉంది కనుక ముడి ప్రోటీన్ అంకె ఇక్కడా కొంత ఎక్కువ చూపిస్తుంది. వేళ్ల మధ్య నలిపితే జిడ్డు అంటుకుని, ముక్కుకు ఘాటుగా తగిలే ప్యూపాను పిల్లలకు పెట్టకూడదు. పొడిపొడిగా, లేత గోధుమరంగులో, వేయించిన పల్లీకి దగ్గరి వాసన ఉన్నదైతే, నూనె తీసినదైతే, చేపపొడికి బదులుగా ఐదు శాతం వరకు నిశ్చింతగా వాడవచ్చని నా అభిప్రాయం. నాటుకోడి పిల్లలు, రాజశ్రీ, వనరాజా లాంటి పెరటి రకాల పిల్లలు బ్రాయిలర్లంత వేగంగా పెరగవు కనుక వాటికి 18 నుంచి 20 శాతం ప్రోటీన్ ఉన్న మేత చాలు, అందులో ఇలాంటి సరుకు మూడు శాతం ఉన్నా పిల్ల కాళ్ల మీద తేడా తెలుస్తుంది. నాలుగో వారం దాటాక, పేగు గట్టిపడ్డ పిల్లకు ఆ మూడు శాతం కూడా క్రమంగా తగ్గించి సోయా, పరీక్ష చేయించిన వేరుశనగ చెక్క వైపు మళ్లవచ్చు.